మా డిస్కులో ల్వీవ్ నాలుగు ఊళ్లు

సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో మా వెనకవీధి అమ్మాయి నేహాకు ఈ మధ్య ఉద్యోగం వచ్చింది. మ్యాపులు తయారుచేసే కంపెనీలో ఊళ్ల పేర్లు సరిచూసే పని. వాళ్లమ్మ ఆ పిల్లను వెంటబెట్టుకొచ్చి, "మా దానికి మీ లైన్‌లోనే జాబ్ వచ్చిందండీ. మీ ఎక్స్‌పీరియన్స్ కొంచెం చెప్పండి" అంది. నేహా ఫోన్‌లోంచి తలెత్తి, "ఆంటీ, ఇట్స్ జస్ట్ చెకింగ్, రైట్?" అని అడిగింది.

అవును, జస్ట్ చెకింగే. రిటైరయ్యేదాకా నేను చేసింది అదే. మధ్యలో రెండు ప్రమోషన్లు వచ్చాయి. మొదటిదానికి నా బల్ల కిటికీ పక్కకు జరిగింది, రెండోదానికి కిటికీకి దూరంగా జరిగింది. వాటి గురించి రాయడానికేమీ లేదు. రాయదగ్గది ఒక ఊరి గురించి ఉంది. ఆ ఊరిని నేను ఇప్పటికీ చూడలేదు. యుక్రెయిన్ దేశంలో పడమటి వైపు ఉంటుంది. దాని పేరు ల్వీవ్. ఇప్పుడు రాసిన ఈ చివరి వాక్యాన్ని ఒక విజ్ఞానసర్వస్వంలో సరిగ్గా రాయించడానికి చదువుకున్నవాళ్లం ఎంతమందిమి ఎంత తంటాలు పడ్డామో నేహాకు చెప్పాలని కూర్చున్నాను.

చుక్క మీద చుక్క

మాది బందరు. నూర్‌బాషా కుటుంబం, ఇంట్లో తెలుగే. జాగ్రఫీలో ఎమ్మే చేసి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటుండగా మా ఆయన రఫీకి సిడ్నీలో ఉద్యోగం వచ్చింది. అది కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చినవాళ్లను కళ్లకద్దుకుంటున్న కాలం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ వెనక్కి పంతొమ్మిదివందల సంవత్సరంలోకి పడిపోతాయని, విమానాలు ఆగిపోతాయని, బ్యాంకుల్లో డబ్బు మాయమైపోతుందని ప్రపంచం వణుకుతోంది. ఆ వణుకే మాకు వీసా ఇప్పించింది. ఒకరి భయం ఇంకొకరికి బతుకుతెరువు అవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. అనకపోయి ఉంటే ఇప్పుడు నేను అంటున్నాను.

వచ్చిన కొన్నాళ్లకు నాకూ ఉద్యోగం దొరికింది. బడిపిల్లల కోసం సీడీ మీద విజ్ఞానసర్వస్వం అమ్మే కంపెనీ. ఇంటర్నెట్ ఇంకా టెలిఫోన్ తీగలో గరగరలాడుతూ వచ్చే రోజులు కాబట్టి ప్రపంచ జ్ఞానమంతా ఒక వెండిరేకులో ఇమిడిందంటే తల్లిదండ్రులు మురిసిపోయి కొనేవారు. లోపల ఏముందో ఎవరూ అడిగేవారు కాదు. మా ప్రధాన సంపాదకుడు గ్రెగ్ కూడా అడిగేవాడు కాదు.

గ్రెగ్ మంచివాడు. ఈ మాట ముందే చెప్పాలి, తర్వాత చెప్పే వీలు ఉండకపోవచ్చు. ఎవరి మీదా గొంతు పెంచడు. శుక్రవారం మధ్యాహ్నం కాగానే "దిస్ ఆర్వో, ఈ పూట ఏం సాధిస్తాంలే, ఇళ్లకు పొండి" అని తానే పంపించేస్తాడు. ఏ సమస్య తీసుకెళ్లినా "షీల్ బీ రైట్" అంటాడు. అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని ఈ దేశపు మాట. నా కాపురంలో, నా ఆరోగ్యంలో, ఇక్కడి వాతావరణంలో ఆ మాట చాలాసార్లు నిజమైంది. స్పెల్లింగ్ విషయంలో మాత్రం ఒక్కసారీ కాలేదు.

మా వ్యాసాలు నాలుగైదు పాత పుస్తకాల నుంచి హక్కులు కొని తెచ్చినవి. కొన్ని మూడు తరాల కిందటివి. నన్ను పెట్టుకున్నది వాటిలోని ఊళ్ల పేర్లు చూడడానికి. చేరినరోజు ఎవరైనా ముందు చూసేది సొంత ఊరినే. నేనూ చూశాను. బందరు లేదు, మచిలీపట్నం లేదు. 'మసూలిపటం' అని ఒక్క ముక్క ఉంది. దాని ఎదురుగా 'అద్దకపు బట్టలు చూడుడు' అని ఉంది. అంత ఊరినీ ఉతికి మడతపెట్టి బీరువాలో పెట్టేశారు.

యుక్రెయిన్ దగ్గరికి వచ్చేసరికి దీనికి తలకిందులుగా ఉంది. అక్కడ ఒకే ఊరు నాలుగుసార్లు ఉంది. ఆస్ట్రియా ఏలినప్పుడు రాసిన పుస్తకంలోంచి లెంబెర్గ్ వచ్చింది. పోలండ్‌లో ఉన్నప్పుడు రాసిన దాంట్లోంచి ల్వూఫ్ వచ్చింది. సోవియట్ కాలపు దాంట్లోంచి ల్వోవ్ వచ్చింది. యుక్రెయిన్ స్వతంత్రమయ్యాక ఎవరో రెండు లైన్లు రాసి ల్వీవ్ అని చేర్చారు. మా డిస్కు లెక్కలో ఇవి నాలుగు వేరు వేరు పట్టణాలు. ఒకదాంట్లో గుర్రపు ట్రాములు నడుస్తున్నాయి, ఒకదాంట్లో బస్సుల ఫ్యాక్టరీ ఉంది. నాలుగింటి అక్షాంశ రేఖాంశాలు మాత్రం ఒకటే. అందుకని మ్యాపు తెరిస్తే నాలుగు చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడి, యూరప్‌లో ఎక్కడా లేనంత లావు చుక్క అక్కడ కనిపించేది. దాన్ని చూసి ఒక సేల్స్ అతను ఆ ఊరు లండన్ కంటే పెద్దదని నమ్మేవాడు.

గ్రెగ్‌కు చూపించాను.

"ఎవరికైనా ఇబ్బందయిందా?" అని అడిగాడు.

"ఇంకా లేదు."

"అయితే అయినప్పుడు చూద్దాం, మేట్."

ఓల్హాగారి ఫోను

ఇబ్బంది ఆ చలికాలమే వచ్చింది. రిసెప్షన్ అమ్మాయి "ఎవరో ముసలావిడ, ఒక ఊరు గురించట" అంటూ ఫోను నాకు కలిపింది.

ఆవిడ పేరు ఓల్హా. సిడ్నీలోనే లిడ్‌కోంబ్‌లో ఉంటారు. పియానో టీచర్‌గా చేసి మానేశారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక భర్త స్తెపాన్‌తో ఓడలో ఈ దేశం వచ్చారు. ఆయన అంతకుముందు వేసవిలో పోయారు. సమాధి మీద రాయి వేయించాలి. రాతి మీద పేరు, దాని కింద పుట్టిన ఊరు చెక్కించాలి. అక్కడే ఆగిపోయింది.

"మా ఆయన పుట్టినప్పుడు ఆ ఊరు పోలండ్‌లో ఉంది" అన్నారు ఓల్హాగారు. "ఇక్కడికి వచ్చినప్పటి కాగితాల్లో ల్వూఫ్ అని ఉంది. మా అబ్బాయి పెట్రో కాగితంలో ఉన్నదే రాయాలంటాడు. మా అమ్మాయి ఇరీనా ఏమో ల్వీవ్ అనే రాయాలి, నాన్న యుక్రెయిన్‌వాడు కదా అంటుంది. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. రాయి చెక్కే ఆయన ఉన్నాడే, ఆయన ఇదివరకు ఎవరితోనో ఇలాంటి గొడవలో తిట్లు తిన్నాడట. అచ్చులో ఉన్నది ఏదైనా చూపిస్తేగాని ఉలి పట్టనంటున్నాడు. మనవరాలి దగ్గర మీ డిస్కు ఉంది. చూశాం. అందులో నాలుగు ఊళ్లు ఉన్నాయి డియర్. మా ఆయన వాటిలో ఎక్కడ పుట్టాడు?"

ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఇంతకంటే సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఆవిడ గొంతులో కోపం లేదు. రాయి లేక సమాధి మీద ఒక చెక్క గుర్తు, దాని మీద ఒక నంబరు మాత్రమే ఉన్నాయని, ఆ నంబరు చూస్తే ఆయన స్టేషన్లో సామాను గదిలో ఉన్నట్టుందని అన్నారు.

నేను నాకు తెలిసింది చెప్పాను. నాలుగూ ఒకటే ఊరనీ, ఆ దేశం ఇప్పుడు రాసుకునే పేరు ల్వీవ్ అనీ. "ఆ మాట నాకూ తెలుసమ్మా" అన్నారు ఆవిడ. "మా అబ్బాయికి మీ డిస్కు చెప్పాలి."

డబ్బా మీద అంకె

మీటింగ్ పెట్టారు. ఆ రోజుల్లో కంపెనీ బుర్రంతా వైటూకే మీదే, అంటే ఆ రెండువేల సంవత్సరం భయం మీదే ఉంది. ఎనిమిది మంది కూర్చుంటే ఏడుగురు తేదీల గురించే మాట్లాడతారు. ల్వీవ్‌కు ఆఖర్న కాస్త సమయం దొరికింది. నాలుగు వ్యాసాలు కలిపి ఒకటి చేద్దాం, శీర్షిక ల్వీవ్ అని పెడదాం, మిగతా పేర్లు బ్రాకెట్లో ఇద్దాం అన్నాను.

గ్రెగ్ తల ఊపబోయి ఆగాడు. "డబ్బా సంగతేంటి?" అన్నాడు.

మా సీడీ డబ్బా మీద లోపల ఎన్ని నగరాల గురించి ఉందో పెద్ద అంకె వేసి ఉండేది. పక్క కంపెనీవాడి డబ్బా మీది అంకెకన్నా మాది అతి కొద్దిగా ఎక్కువ. నాలుగు ఊళ్లను ఒకటి చేస్తే మూడు తగ్గుతాయి. సేల్స్ వాళ్లు గగ్గోలు పెట్టారు. ఒకాయనైతే, "నాలుగు దేశాలవాళ్లకు నాలుగు పేర్లు ఉంటే అందరూ కొంటారు కదా, ఎందుకు చెడగొడతారు?" అన్నాడు. ఆయన మాటలో వ్యాపారం ఉంది. జాగ్రఫీ మాత్రం లేదు.

చివరికి గ్రెగ్ రాజీమార్గం కనిపెట్టాడు. "షమీమ్, నువ్వు మూడు ఊళ్లు తీసేస్తే తీసేయ్. బదులు మూడు ఊళ్లు తెచ్చిపెట్టు. ఎక్కడివైనా ఫరవాలేదు."

ప్రపంచ విజ్ఞానం ఇలా పెరుగుతుందని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. బల్ల దగ్గరికి వచ్చి ఇంకేమీ ఆలోచించకుండా మూడు పేర్లు రాశాను: బందరు, పెడన, గుడివాడ. అలా పడమటి యుక్రెయిన్‌లో జరిగిన నష్టాన్ని కృష్ణాజిల్లా పూడ్చింది.

పెడన, గుడివాడలతో పేచీ లేదు. బందరు దగ్గర కలం ఆగింది. శీర్షిక ఏమని పెట్టాలి? ఫోన్‌కార్డు గీకి నాన్నకు ఫోన్ చేశాను.

"మచిలీపట్నం అని పెట్టనా నాన్నా?"

"అదేంటే? మచిలీపట్నం స్టేషన్ బోర్డు మీద పేరు. ఊరి పేరు బందరు. బందరు లడ్డూ అంటారా, మచిలీపట్నం లడ్డూ అంటారా?"

"గవర్నమెంటు పేరు అదే కదా."

"గవర్నమెంటోళ్లు మొన్నొచ్చారు, రేపు పోతారు. నువ్వు బందరు అని రాయి. లేకపోతే అసలు రాయమాక."

పక్క నుంచి అమ్మ గొంతు, "పిల్ల ఉజ్జోగం చెడగొట్టకండి, ఆఫీసోళ్లు ఏదంటే అదే రాసుకోనీండి" అని వినిపించింది. ఇంట్లో నాన్న, అమ్మ రెండు రోజులు పలుకుల్లేకుండా ఉన్నారని తర్వాత తెలిసింది. ఆ ఫోను పెట్టేసిన తర్వాతే నాకు ఓల్హాగారి ఇల్లు కళ్లకు కట్టింది. అప్పటిదాకా అది నాకు ఒక ఫిర్యాదు. ఊరిపేరంటే ఇంట్లో అన్నం దగ్గర జరిగే గొడవ అని, సంపాదకవర్గం దాన్ని చాలా ఆలస్యంగా వింటుందని తెలిసింది. మచిలీపట్నం అనే పెట్టాను. పక్కన బందరు అని కూడా రాశాను. నాన్న ఎప్పటికీ ఒప్పుకోలేదు.

ఒక్క కమాండ్

ల్వీవ్ వ్యాసం కొత్తగా రాశాను. 'ల్వీవ్: పోలిష్‌లో ల్వూఫ్, రష్యన్‌లో ల్వోవ్, జర్మన్‌లో లెంబెర్గ్' అని మొదలుపెట్టి, ఎవరి ఏలుబడిలో ఎప్పుడు ఉందో నాలుగు పేరాల్లో చెప్పాను. ఇక మిగిలింది డిస్కులో ఆ ఊరి ప్రస్తావన వచ్చిన చోటల్లా పేరు మార్చడం. ఒక్కొక్కటీ తెరిచి, చదివి, ఏ సందర్భమో చూసి మార్చాలి. రోజూ కొంచెం చేస్తున్నాను. ఈలోగా మా పెద్దవాడికి అమ్మవారు పోసి నేను సెలవులో ఉండాల్సి వచ్చింది.

తిరిగి వెళ్లేసరికి పని పూర్తయిపోయింది. చేసింది సుధాకర్.

సుధాకర్‌ది వరంగల్ దగ్గర. వైటూకే కాంట్రాక్టు మీద వచ్చి మా డిస్కులోని సంవత్సరాలన్నీ సరిచేస్తున్నాడు. పనిమంతుడు. నన్ను అక్కా అని పిలుస్తాడు.

"గ్రెగ్ సార్ చెప్పిండక్కా" అన్నాడు సంతోషంగా. "నువ్వు ఒక్కొక్కటి చూసుకుంట కూసుంటే డెడ్‌లైన్ దాటిపోతదన్నడు. ఆ మూడు పేర్లు ఏడున్నా తీసేసి ల్వీవ్ పెట్టమన్నడు. ఒక్క కమాండ్ కొట్టిన, అయిపోయింది. చాయ్ తాగొచ్చేలోపల మొత్తం మారింది."

"నా వ్యాసంలో కూడానా?"

"మొత్తం అంటే మొత్తమే కదక్కా."

తెరిచి చూశాను. నా వ్యాసం ఇలా మొదలవుతోంది: 'ల్వీవ్: పోలిష్‌లో ల్వీవ్, రష్యన్‌లో ల్వీవ్, జర్మన్‌లో ల్వీవ్.'

సుధాకర్ నా భుజం మీదుగా చదివాడు. "గిట్లయితదని అనుకోలేదక్కా" అన్నాడు. "కానీ ఒకటి. కన్సిస్టెన్సీ మాత్రం మస్తుంది."

గ్రెగ్ దగ్గరికి పరిగెత్తాను. మాస్టర్ డిస్కు అప్పటికే ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. క్రిస్మస్ అమ్మకాల సమయం. వెనక్కి తెప్పించడం కుదరదన్నాడు. "పేరు సరైనదే పడింది కదా. కొంచెం ఎక్కువసార్లు పడింది. షీల్ బీ రైట్."

రెండువేల సంవత్సరం వచ్చింది. విమానాలు ఎగిరాయి, బ్యాంకుల్లో డబ్బు ఉన్నచోటే ఉంది. మా కంపెనీలో ఏమీ జరగలేదు. ఏమీ జరగనందుకు అందరికీ పెద్ద బార్బీ ఇచ్చారు, బార్బిక్యూ విందుకు ఇక్కడి ముద్దుపేరు. గ్రెగ్ ఆప్రాన్ కట్టుకుని పొయ్యి ముందు నిలబడి, ఒక్క తేదీ కూడా తప్పు పోలేదని ఉపన్యాసం ఇచ్చాడు. హలాల్ కాని మాంసం తిననని నాకోసం వేరే పెనం మీద మొక్కజొన్న కంకులు కాల్పించాడు. ముందే అన్నాను కదా, మంచివాడు.

ఉత్తరాలు, ఫోన్లు ఆ తర్వాతి వారం నుంచి మొదలయ్యాయి. పెర్త్‌లో స్థిరపడ్డ ఒక కెనడా పెద్దాయన పుట్టింది కెనడాలోనే లెంబెర్గ్ అనే చిన్న ఊళ్లో. తాను యుక్రెయిన్ వైపు ఎన్నడూ వెళ్లకపోయినా తన ఊరు ఎలా వెళ్లిందని అడిగాడు. జర్మనీలో అదే పేరున్న కొండ ఒకటుంది. అదీ ల్వీవ్ అయి కూర్చుంది. ల్వోవ్ అన్న ఇంటిపేరున్న రష్యన్ రాజవంశీకులందరికీ మా డిస్కులో ఇంటిపేరు మారింది. మూడు తరాల సామ్రాజ్యాలు సైన్యాలు పెట్టి చేయలేని పని సుధాకర్ ఒక్క చాయ్‌లో చేశాడు.

గ్రెగ్ అందరినీ పిలిచి ఒక నియమం పెట్టాడు. ఫోన్ చేసినవాళ్లతో తప్పు అని ఎవరూ ఒప్పుకోకూడదు. 'పరిశీలిస్తున్నాం' అనాలి. కొత్త ఎడిషన్ వచ్చేదాకా అంతే.

పెట్రో అడిగిన మాట

ఒకరోజు రిసెప్షన్ నుంచి పిలుపు వచ్చింది. ఓల్హాగారు స్వయంగా వచ్చారు. ఫోన్ గొంతు విని భారీ మనిషిని ఊహించుకున్నాను. చాలా చిన్నగా, నీలం కోటులో, చేతిలో కేకు డబ్బాతో ఉన్నారు. పక్కన పొడుగాటి మనిషి, జుట్టు నెరుస్తోంది. ఆయనే పెట్రో.

ఓల్హాగారు నా చేతులు పట్టుకున్నారు. "థాంక్యూ డియర్. గొడవ తీరిపోయింది. రాయి చెక్కడం శుక్రవారం మొదలుపెడతాడు."

నాకు అర్థమయ్యేలోపు పెట్రో కోటు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. కొత్త డిస్కులోంచి ప్రింటు తీసిన మా వ్యాసం.

"నేను ల్వూఫ్ అని పట్టుబట్టినవాణ్ని" అన్నాడు. "మొన్న మా చెల్లెలు ఇది తెచ్చి నా ముందు పెట్టింది. పోలిష్‌లో కూడా ల్వీవ్ అనే ఉంది. పోలిష్‌వాళ్లే అలా రాస్తుంటే నేనెవరిని కాదనడానికి అని ఒప్పుకున్నాను. కానీ మా నాన్న కాగితాల్లో వేరేలా చూసినట్టు నాకు బాగా గుర్తు. అమ్మను దింపడానికి వచ్చాను కనుక అడుగుతున్నాను. ఇది నిజమేనా?"

ఓల్హాగారు నా చెయ్యి వదల్లేదు. కొంచెం బిగించారు. ఆవిడకు నిజం తెలుసు. పోలండ్ బళ్లో చదువుకున్న మనిషికి ఆ ఊరిని పోలిష్‌లో ఏమంటారో తెలియకుండా ఉంటుందా? ఆవిడ కళ్లు నన్ను ఒక్కటే అడుగుతున్నాయి. అటువైపు కాఫీ యంత్రం దగ్గర గ్రెగ్ కప్పు పట్టుకుని నిలబడి వింటున్నాడు. నా కాంట్రాక్టు ఆ నెలలోనే తిరగరాయాలి.

'పరిశీలిస్తున్నాం' అంటే సరిపోయేది. గ్రెగ్ సంతోషించేవాడు, ఓల్హాగారు సంతోషించేవారు, శుక్రవారం ఉలి కదిలేది. పైగా రాతి మీద పడబోయే పేరు సరైనదే. తప్పుడు దారిలో సరైన చోటికి చేరుతున్నారు. అడ్డుపడడం ఎందుకు? కానీ పెట్రో అడిగింది రాతి మీద ఏం చెక్కాలని కాదు. ఇది నిజమేనా అని అడిగాడు. నా జీతం ఆ ప్రశ్నకే.

"నిజం కాదండీ" అన్నాను. "శీర్షిక సరైనది. దాని పక్కన ఉన్నవి మూడూ తప్పు. పోలిష్‌లో ల్వూఫ్ అనే అంటారు. మీకు గుర్తున్నదే సరి."

ఓల్హాగారి వేళ్లు వదులయ్యాయి. గ్రెగ్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

పెట్రో కాగితాన్ని మళ్లీ చదివాడు. "ఇలా ఎలా అయింది?"

సుధాకర్ కమాండ్ గురించి, డబ్బా మీది అంకె గురించి, కెనడా ఊరి గురించి చెప్పాను. రాజవంశీకుల ఇంటిపేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన మూతి బిగించుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"నేను రైల్వేలో సిగ్నల్ ఇంజనీర్‌ని" అన్నాడు. "తప్పు రంగు చూపించినా బండి క్షేమంగా చేరిందంటే మేము ఊరుకోం. మామూలు యాక్సిడెంట్ కంటే దానికే పెద్ద రిపోర్టు రాస్తాం. మీరు రాస్తారా?"

"కొత్త ఎడిషన్‌లో సరిచేస్తాం" అంది నా నోరు, గ్రెగ్ వైపు చూడకుండా.

అప్పుడు పెట్రో తల్లి వైపు తిరిగాడు. ఇంతకాలం గొడవలో ఎవరికీ తోచని మాట అడిగాడు. "అమ్మా, ఇంతకీ నాన్న ఏమనేవాడు?"

ఓల్హాగారు కేకు డబ్బా మూత సరిచేస్తూ ఆలోచించారు. "పోట్లాడేటప్పుడు ల్వూఫ్ అనేవాడు. అక్కడి పోలీసుల్ని, చలిని, మా నాన్నను తిట్టాలంటే పోలిష్‌లోనే తిట్టేవాడు. ప్రార్థన చేసుకునేటప్పుడు ల్వీవ్ అనేవాడు."

"అయితే ల్వీవ్ చెక్కిద్దాం" అన్నాడు పెట్రో. "సమాధిలో పడుకుని ఎవరితో పోట్లాడతాడు?"

ఆయన ఆ ప్రింటు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి మా చెత్తబుట్టలో వేశాడు. రాయి చెక్కే ఆయనకు మా కాగితం అక్కర్లేదని, అన్నాచెల్లెళ్లిద్దరం కలిసివెళ్లి చెబుతామని అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఓల్హాగారు నా చెంప మీద చెయ్యి వేశారు. "ఇంకొంచెం అయితే నా ప్రాణం పోయేది, డియర్" అన్నారు. కేకు మాత్రం ఇచ్చే వెళ్లారు.

గ్రెగ్ నన్ను లోపలికి పిలిచాడు. నియమం గుర్తు చేశాడు. తప్పానని నేను ఒప్పుకున్నాను. తను కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ, "ఆ కమాండ్ నేనే కొట్టమన్నానని వాళ్లకు చెప్పలేదే నువ్వు?" అన్నాడు. వాళ్లు అడగలేదన్నాను. కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. కేకులో పెద్ద ముక్క తనే తీసుకున్నాడు.

నేహా, మీ ఆఫీసులో ఇప్పుడు కమాండ్లు సుధాకర్ చాయ్ కంటే వేగంగా పనిచేస్తాయని విన్నాను. మంచిదే. కానీ ఎవరైనా నీ ముందుకు వచ్చి ఇది నిజమేనా అని అడిగితే, వాళ్లకు దానితో లాభమా నష్టమా అని నువ్వు లెక్కవేయకు. ఆ లెక్క వాళ్లది. పేరు ఎలా రాయాలో ఆ ఊరివాళ్లను అడుగు. ఆ ఊరివాళ్లు రెండు రకాలుగా చెబితే కంగారుపడకు, సరైన ఊరికే వచ్చావన్నమాట. పై అధికారి మంచివాడైతే ఇంకాస్త జాగ్రత్తగా ఉండు. చెడ్డవాడికి ఎదురు చెప్పడం తేలిక. కంకులు కాల్పించేవాడికి ఎదురు చెప్పడం కష్టం.

రాయి

ఆకురాలే కాలంలో రాయిని ఆశీర్వదించే రోజున ఓల్హాగారు నన్నూ రఫీనీ పిలిచారు. వెళ్లాం. ఫాదరీ పాట పాడుతున్నాడు. పెట్రో, ఇరీనా తల్లికి చెరోవైపు నిలబడ్డారు. నల్లరాతి మీద స్తెపాన్ గారి పేరు, దాని కింద పుట్టిన ఊరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. అలవాటు కొద్దీ రెండుసార్లు చదివాను. ల్వీవ్. ఒక్క అక్షరం తప్పు లేదు.

పాట అయిపోయాక అందరూ ఒక్కొక్కరే ముందుకు వెళ్లి రాతిని తాకి వస్తున్నారు. చివర్లో చేతికర్రతో ఒక ముసలాయన వచ్చాడు. పోలండ్ ఆయనట. స్తెపాన్ గారితో ఆదివారాలు చదరంగం ఆడేవాడట. కళ్లజోడు సర్దుకుని, రాతి మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. పేరు చదివాడు. తర్వాత వేలు కిందికి దించి, ఆ నాలుగు అక్షరాల మీద నెమ్మదిగా జరిపి, స్పష్టంగా అన్నాడు:

"ల్వూఫ్‌లో పుట్టాడు."

ఇరీనా నోరు తెరవబోయింది. ఓల్హాగారు ఆమె మోచేతి మీద చెయ్యి వేసి, ముసలాయన దగ్గరికి వెళ్లి చెయ్యందించి, టీ చల్లారిపోతోంది రండి అంటూ హాలు వైపు నడిపించారు.

పెట్రో నా వైపు వంగి, "మీరు ఆయన్ను సరిచేయరా?" అని గుసగుసగా అడిగాడు.

"రాసింది సరిగ్గానే ఉందండీ" అన్నాను. "చదివింది ఆయన ఊరు."